రుద్దగూడదంట

ఎర్రగుంట్లలో కొళాయి మూడు దినాలకొగసారి వస్తాది.
మా పాప మొగం మాత్రం దినానికి నాలుగుసార్లు కడగాలంట,
పొద్దున రెండు, మాపిటికి రెండు,
ముందు నూనెతో, ఆనెక నురగతో.
బిందెలు లెక్కబెట్టేది నేను గదా,
కోపమొచ్చింది.
మొగం కడిగిన నీళ్ళు బక్కెట్లో పట్టి
దొడ్లో కరేపాకు చెట్టుకు పోసొచ్చి
నా నోరు మూయించింది.

కొరియా వాళ్ళ పద్ధతి అంటాది షాహీను.
పది మెట్లంట.
మెట్లంటే నాకు తెలీదా?
పదహైదేండ్లుగా పాలీషు ఫ్యాక్టరీలో
నల్లరాతి పలకను ఎక్కిస్తాండా:
అరవై నంబరు, నూటిరవై,
రెండొందలిరవై, నాలుగొందలు...
ఒక్కో నంబరుకు గరుకు కొంచెం నున్నబడ్తాది.
ఆఖరి నంబరు దాటొచ్చిన పలకలో
పైన రేకుల బొక్కలు గూడా కనపడ్తాయి.
కొరియా ఆడోళ్ళ చర్మం గూడా గాజు మాదిరి ఉంటాదని
ఫోనులో చూపించె.
"వాళ్ళకు ఏ నంబరు రాయి వేసినారు పాపా" అంటి.
నగలేదు.

సీసాల మీద రాసిండేది చదివి చెప్పమంటి.
ఒగ దాంట్లో నత్త జిగురంట.
వానొస్తే గోడెక్కే నత్తను
ఉప్పేసి దింపిన చేతులు నావి.
ఇంగొగ దాంట్లో బియ్యం కడిగిన నీళ్ళు,
ఆరొందల యాభై.
యా అల్లా!
ఆ నీళ్ళు తాగే గదా పక్కింటి ఓబులక్క బర్రె
అట్ల నిగనిగలాడేది.
కుడితి తొట్టికాడ నిలబడి దానికి చెప్పినా,
నువ్వు పుట్టినకాడ్నించి కొరియా దానివేనంట అని.
తోకతో ఈగను తోలుకుంది.

ఆ పొద్దు నైటు షిఫ్టు లేదు.
రాతిపిండి మొగం మీద ఆరిపోయి
మాట్లాడితే పగుల్తాండాది.
గడపకాడ కాళ్ళు చాపి కూచుంటే
పాప గిన్నెతో నీళ్ళు తెచ్చె.
"కండ్లు మూయి మా" అనె.

నూనె పూసి తెల్లగుడ్డతో తుడిస్తే
గుడ్డ మీదికి ఫ్యాక్టరీ దిగింది.
ఇంగో గుడ్డ. ఇంగో గుడ్డ.
నాలుగో గుడ్డకు గాని నా రంగు రాలేదు.

తర్వాత ఏందో చల్లగా చెంపకు తగిలితే
అలవాటు కొద్దీ చేతులెత్తి
గట్టిగా రుద్దుకోబోతి.
మణికట్టు పట్టుకునె.
"రుద్దగూడదు మా. తట్టాల."

తట్టింది.
ఈ చెంప, ఆ చెంప, గదవ, నుదురు,
వేళ్ళ కొసలతో, వాన మొదలయ్యేటప్పటి మాదిరి.
నా మొగం మీద ఇంగొకరి చెయ్యి పడి ఎన్నేండ్లాయె?
జరమొచ్చినప్పుడు డాక్టరు కంటిరెప్ప కిందికి లాగి చూసినాడు.
అంతే.
కండ్లు తెరవబోతే
దాని ఊపిరి నా ముక్కుకు తగులుతాండాది.
మళ్ళీ మూసుకున్యా.
ఐదో సీసాకాడ నిద్ర పట్టేసింది.
మిగిలిన ఐదు మెట్లు ఏమేముంటాయో నాకు తెలీదు.

తెల్లారి సీసా ఎంత అని అడిగితే "నూరు" అనె.
అబద్ధం చెప్తే దాని ముక్కుకొస ఎర్రబడ్తాది,
ఏం పూసినా.
ప్రొద్దుటూరు ఫ్యాన్సీ షాపులో దాని జీతమెంతో
నాకు తెలుసు.
సద్దిగిన్నె ఎత్తుకోని గమ్మున పోతి.

పాప పూసిన ఎండ క్రీము మీద
పది కాకముందే పిండి కూచునె.
రెండూ ఒగ రంగే, ఏది ఏదో నాకే తెలీలేదు.
కొంగుతో తుడుచుకోబోయి ఆగినా.
మిషను అట్లనే రుద్దుతాండాది పలకను,
నీళ్ళు కారతాండాయి.
రెండు చేతులు చెంపలకాడికి పోయె, వాటంతటవే.

అంత రొదలోనూ సూపర్‌వైజరు నాగమునెయ్య కేకేసినాడు:
"ఏం దస్తగిరమ్మా, పంటి నొప్పా?"